ఒకే డబ్బుకి నలుగురు వస్తే: ఎవరి చేతికివ్వాలి, అసలు ఎవరిది?

ఒక బ్యాంకు బ్రాంచి ఊహించుకోండి. ఒకాయన చనిపోయి నెల అయింది, ఆయన పేరు మీద 12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. పెళ్లికి ముందెప్పుడో వేసింది, అప్పట్లో నామినీ కాలమ్‌లో తమ్ముడి పేరు రాశాడు, తర్వాత రెన్యూవల్ అవుతూ వచ్చిందిగానీ ఆ పేరు మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇప్పుడు కౌంటర్ దగ్గర తమ్ముడు డెత్ సర్టిఫికెట్, ఆధార్ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన వదిన, చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో పెళ్లి ఫోటో, రేషన్ కార్డు, ఇద్దరు పిల్లల బర్త్ సర్టిఫికెట్లు. వెనక కుర్చీలో ఆయన తల్లి. మేనేజర్ ఒకటే మాట అంటాడు, "అమ్మా, నామినీకే ఇస్తామండి, రూల్ అది". ఆవిడకి ఏడుపు ఒక్కటే తక్కువ, మా ఆయన కష్టార్జితం మరిదికి ఎలా ఇచ్చేస్తారు అని.

మేనేజర్ చెప్పింది కరెక్టే. ఆవిడ అడిగిందీ కరెక్టే. ఎందుకంటే ఇక్కడ ఒకటి కాదు, రెండు ప్రశ్నలున్నాయి. డబ్బు దగ్గర పెట్టుకున్నవాడు ఎవరి చేతికిస్తే వాడి బాధ్యత తీరిపోతుంది అనేది ఒకటి. ఆ డబ్బు చివరికి ఎవరిది అనేది రెండోది. మన చట్టం ఈ రెండిటినీ విడివిడిగా చూస్తుంది, జనం రెండిటినీ కలిపేసి చూస్తారు. నాకు తెలిసినంతలో ఆస్తి తగాదాల్లో సగం గందరగోళం ఈ కలిపేయడంలోనే ఉంది, అందుకే దీన్ని కొంచెం ఓపిగ్గా విప్పుదాం.

నామినీ చేతికొస్తుంది, సొంతం కాదు

నామినీ అంటే డబ్బు అందుకోవడానికి పేరు రాసిన మనిషి. అందుకుని, అసలు హక్కుదారులకి అప్పజెప్పాల్సిన మనిషి. ఇది ఎవరో ఒక జడ్జి గారి అభిప్రాయం కాదు. ఇన్సూరెన్స్ పాలసీల విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది, బ్యాంకు డిపాజిట్ల గురించి 2010లో చెప్పింది, కంపెనీ షేర్ల గురించి 2023 డిసెంబర్‌లో మళ్ళీ చెప్పింది. మూడింట్లోనూ సారం ఒకటే, నామినేషన్ అనేది వారసత్వ చట్టానికి బదులుగా వచ్చిన ఇంకో దారి కాదు.

లెక్క వేసి చూద్దాం. చనిపోయినాయన హిందువు, వీలునామా రాయలేదు, డిపాజిట్ సొంత సంపాదన. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులు భార్య, కొడుకు, కూతురు, తల్లి. నలుగురికీ సమానం, అంటే తలా 3 లక్షలు. తమ్ముడి వాటా సున్నా. బ్యాంకు తమ్ముడికి 12 లక్షలూ ఇస్తుంది, అక్కడితో బ్యాంకు బాధ్యత తీరిపోయింది, కానీ ఆ క్షణం నుంచి తమ్ముడు ఆ నలుగురికీ బాకీ ఉన్నట్టే. ఇవ్వనంటే వాళ్ళు దావా వెయ్యాల్సింది బ్యాంకు మీద కాదు, ఆయన మీద. ఇంకొకటి, తల్లికి వాటా ఉందని చాలా కుటుంబాల్లో అసలు తెలీదు, అంతా కోడలికీ పిల్లలకే అనుకుంటారు, ఆ పెద్దావిడ కూడా తనకేం రాదనే అనుకుని మాట్లాడకుండా కూర్చుంటుంది.

మరి వదిన బ్యాంకుకి "ఆయనకి ఇవ్వొద్దు" అని లెటర్ రాసిస్తే ఆగుతుందా? ఆగక్కర్లేదు. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలో సెక్షన్ 45జెడ్‌బీ అని ఉంది, ఖాతాదారుడు కాని వేరేవాళ్ళు ఇచ్చే నోటీసుకి బ్యాంకు కట్టుబడక్కర్లేదు అంటుంది. కానీ కోర్టు నుంచి ఆర్డరో డిక్రీనో (దావాలో కోర్టు ఇచ్చే తుది ఆదేశం) తెచ్చి చూపిస్తే మాత్రం పట్టించుకుని తీరాలి. అంటే ఆ లెటర్‌కి లేని బలం, ఇవ్వొద్దని కోర్టు ఇచ్చే ఇంజంక్షన్ ఆర్డర్‌కి ఉంది.

ఈ మధ్య నామినేషన్ రూల్స్ కూడా మారాయి, 2025 నవంబర్ 1 నుంచి డిపాజిట్లకి నలుగురి వరకు నామినీలుగా రాయొచ్చు, ఎవరికెంత శాతమో కూడా చెప్పొచ్చు. దీంతో కొంతమంది, శాతం రాశాం కాబట్టి ఇక వాటాలు అయిపోయినట్టే అనుకుంటున్నారు. పైన చెప్పిన తేడా ఇక్కడా పోలేదు, ఒకరు కాకుండా నలుగురు అందుకుంటారు, అంతే.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం ఒక చిక్కుముడి

2015లో ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 39 మార్చారు. పాలసీదారుడు తల్లిదండ్రుల్నో, భార్యనో లేదా భర్తనో, పిల్లల్నో నామినీగా పెడితే వాళ్ళు ఊరికే అందుకునేవాళ్ళు కాదు, ఆ డబ్బు ప్రయోజనం కూడా వాళ్ళదే అని రాశారు. చదివితే క్లియర్‌గానే ఉంటుంది. అదే ఆయన 10 లక్షల పాలసీకి భార్యని నామినీగా పెట్టాడనుకోండి, ఈ సెక్షన్‌ని ఉన్నదున్నట్టు చదివితే 10 లక్షలూ భార్యవే, తల్లికి ఏమీ రాదు.

కానీ హైకోర్టులన్నీ ఒకే దారిలో లేవు. పార్లమెంటు కావాలనే మార్చింది కాబట్టి ఈ దగ్గరి బంధువులు నామినీలైతే పూర్తి ఓనర్లే అని ఒక వాదన. సెక్షన్ 39 డబ్బు ఎవరికి చెల్లించాలో చెప్పే ఏర్పాటే తప్ప వారసత్వ చట్టాన్ని పక్కకి నెట్టే శక్తి దానికి లేదు, వారసులు క్లెయిమ్ చేస్తే నామినీ వాళ్ళకి ఇవ్వాల్సిందే అని ఇంకో వాదన, 2025లో కర్ణాటక హైకోర్టు ఈ రెండో వైపు నిలబడింది. రెండిటికీ బలముంది. మొదటి వాదన పాలసీ తీసుకున్న మనిషి మనసులో ఉన్నదానికి దగ్గరగా ఉంటుంది, భార్య పేరు రాసేవాడు ఆవిడకి దక్కాలనే రాస్తాడు కదా. రెండో వాదన ఆ కాగితం మీద పేరు లేని ముసలి తల్లినీ, మైనర్ పిల్లల్నీ కాపాడుతుంది. నాకు మటుకు సెక్షన్ మాటలు మొదటి వైపే మొగ్గుతున్నట్టు అనిపిస్తుంది, కానీ సుప్రీంకోర్టు స్థాయిలో తేలేవరకు ఇది తేలని విషయమే.

మధ్యలో ఇరుక్కున్నవాడికి ఉన్న దారి: ఇంటర్‌ప్లీడర్ సూట్

ఇప్పుడు నామినీ లేడనుకుందాం. డబ్బు దగ్గర పెట్టుకున్నవాడికి ఇద్దరి నుంచీ లాయర్ నోటీసులొచ్చాయి, ఒకరికిస్తే రెండోవాళ్ళు కేసు వేస్తారు, ఎవరికీ ఇవ్వకపోతే ఇద్దరూ వేస్తారు. తనకి ఆ డబ్బు మీద ఆశ లేదు, ఎవరిదో తేలిస్తే ఇచ్చేసి పోదామనే ఉంది. ఈ పరిస్థితి కోసమే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ), 1908లో సెక్షన్ 88 పెట్టారు. దాని కింద వేసేదాన్నే ఇంటర్‌ప్లీడర్ సూట్ అంటారు.

మామూలు దావాలో వాది ప్రతివాది మీద ఏదో అడుగుతాడు. ఇందులో వాది తనకేమీ అడగడు, "ఇదిగో సొమ్ము, వీళ్ళిద్దరూ తమదంటున్నారు, ఎవరికివ్వాలో మీరే చెప్పండి" అంటాడు. అసలు కొట్లాట ప్రతివాదుల మధ్యే. ప్లెయింట్‌లో, అంటే దావా కాగితంలో, మూడు విషయాలు తప్పకుండా ఉండాలని ఆర్డర్ 35 చెబుతుంది: ఖర్చులు తప్ప ఆ సొమ్ము మీద తనకి వేరే హక్కేమీ లేదని, ప్రతివాదులు ఎవరికి వాళ్ళు ఏమని క్లెయిమ్ చేస్తున్నారని, వాళ్ళలో ఎవరితోనూ తను కుమ్మక్కు కాలేదని. కోర్టు ఆ సొమ్ముని ముందు డిపాజిట్ చెయ్యమనొచ్చు. మొదటి వాయిదాలోనే వాదిని బాధ్యత నుంచి విడుదల చేసి, ఖర్చులిప్పించి, నువ్వు వెళ్ళొచ్చు అని పంపించేసే అధికారం కూడా ఉంది. ఆ తర్వాత దావా క్లెయిమ్ చేసేవాళ్ళ మధ్య నడుస్తుంది.

కుమ్మక్కు లేదని ఎందుకు చెప్పమంటారంటే, డబ్బు పట్టుకున్నవాడు లోపల్లోపల ఒకరి మనిషై ఉండి పైకి న్యూట్రల్‌గా నటిస్తే మొత్తం ప్రక్రియే పాడైపోతుంది. అలాగే వీళ్ళందరి హక్కులూ తేల్చగలిగే దావా ఇంకోటి అప్పటికే నడుస్తుంటే ఇంటర్‌ప్లీడర్ వెయ్యడానికి లేదు, ఆ దావాలోనే తేలాలి.

ఇక అందరూ తడబడేది ఏజెంట్లు, అద్దెకున్నవాళ్ళ విషయంలో. ఏజెంటు తన యజమాని మీద, అద్దెకున్నవాడు తన ఓనర్ మీద ఇంటర్‌ప్లీడర్ వెయ్యకూడదు, అయితే ఆ యజమాని లేదా ఓనర్ ద్వారానే హక్కు చెప్పుకునేవాళ్ళు ఎదురొచ్చినప్పుడు మాత్రం వెయ్యొచ్చు. ఈ వాక్యం చట్టంలో చదివితే తల తిరుగుతుంది, దాని కిందే ఇచ్చిన నగల పెట్టె ఉదాహరణ మాత్రం చాలా బాగుంటుంది. ఒకాయన తన ఏజెంటు దగ్గర నగల పెట్టె ఉంచాడు. మూడో మనిషి వచ్చి "ఆ నగలు నా దగ్గర అన్యాయంగా లాక్కున్నవి, నాకిచ్చెయ్" అన్నాడు. ఏజెంటు ఇంటర్‌ప్లీడర్ వెయ్యలేడు, ఎందుకంటే మూడోవాడు యజమాని హక్కునే కాదంటున్నాడు, ఇంకొకరి నమ్మకం మీద పెట్టె పుచ్చుకున్నవాడు ఆ నమ్మకాన్నే కోర్టులో ప్రశ్నార్థకం చెయ్యకూడదు. అదే, యజమాని తనే మూడోవాడికి ఉత్తరం రాసి "నేను నీకివ్వాల్సిన అప్పుకి ఈ నగలు హామీ" అన్నాడు, తర్వాత అప్పు తీరిపోయిందని యజమాని, తీరలేదని మూడోవాడు, ఇద్దరూ పెట్టె కావాలన్నారు. ఇప్పుడు వెయ్యొచ్చు. మూడోవాడి హక్కు యజమాని చేతి నుంచే పుట్టింది కాబట్టి.

అద్దె ఇంటికి దీన్ని అన్వయించండి. నెల మొదటివారం, అద్దె డబ్బు రెడీగా ఉంది, ఓనర్ పోయారు, ఇద్దరు కొడుకులూ విడివిడిగా ఫోన్ చేసి నాకే కట్టు అంటున్నారు. ఇద్దరూ తండ్రి ద్వారానే అడుగుతున్నారు కాబట్టి అద్దెకున్నవాడు వెయ్యొచ్చు. కానీ ఓనర్ బతికుండగా ఎవరో వచ్చి అసలు ఈ ఇల్లు ఆయనదే కాదు నాది అంటే, అద్దెకున్నవాడికి ఈ దారి లేదు. అద్దెకి దిగేటప్పుడు ఎవరిని ఓనర్‌గా ఒప్పుకున్నాడో, ఆయనకి ఆ రోజున హక్కు లేదని అనడానికి వీల్లేదు. పాత ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 116, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 122.

ఈ పద్ధతి మీద కూడా రెండు మాటలున్నాయి. సంస్థలు నిర్ణయం తీసుకునే ధైర్యం లేక ప్రతిదీ కోర్టు మీదకి తోసేస్తాయి, ఖర్చులు కూడా ఆ సొమ్ములోంచే పోతాయి, వాయిదాల్లో ఏళ్ళు గడిచిపోతే హక్కున్నవాళ్ళే నష్టపోతారు అనేది ఒకటి. ఏ తప్పూ లేనివాడి చేత ఒకే సొమ్ము రెండుసార్లు కట్టించడం ఇంకా పెద్ద అన్యాయం కదా అనేది రెండోది. రెండూ నిజమే, చిన్న మొత్తాల్లో మొదటి బాధ ఎక్కువ, పెద్ద మొత్తాల్లో రెండో భయం ఎక్కువ.

సర్టిఫికెట్ ఉంటే గెలిచినట్టేనా

తహసీల్దార్ ఆఫీసులో తెచ్చుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది, అంతవరకే, హక్కుల్ని తేల్చదు. సక్సెషన్ సర్టిఫికెట్ వేరు, అది 1925 వారసత్వ చట్టం కింద కోర్టు ఇచ్చేది, చనిపోయినవాళ్ళకి రావాల్సిన బాకీలు, సెక్యూరిటీలకే (షేర్లు, బాండ్లలాంటివి) పనికొస్తుంది, ఇల్లూ పొలానికి కాదు. సెక్షన్ 381 ప్రకారం ఆ సర్టిఫికెట్ చూసి మంచి మనసుతో డబ్బు చెల్లించినవాడికి పూర్తి రక్షణ. కానీ సెక్షన్ 387 ఇంకో మాట చెబుతుంది, ఆ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు హక్కు గురించి కోర్టు ఏం తేల్చినా అదే ప్రశ్న మీద ఇంకో దావా వెయ్యడానికి అది అడ్డు కాదు అని. అంటే భార్య సర్టిఫికెట్ మీద డబ్బు తీసుకుంది, రెండేళ్ళకి వీలునామా ఒకటి బయటపడింది, అది నిజమైనదని రుజువైతే బ్యాంకుని ఎవరూ ఏమీ అనలేరు, ఆవిడ మాత్రం లెక్క చెప్పాలి. చూశారా, మళ్ళీ అదే తేడా, ఎవరి చేతికి అనేది ఒకటి, ఎవరిది అనేది ఇంకొకటి.

ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మితే

డబ్బు నుంచి స్థలానికి వస్తే ప్రశ్న మారుతుంది, ఎవరు ముందు అనేది ముఖ్యమవుతుంది. ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 48 చెప్పేది సింపుల్, ఒకసారి హక్కు ఇచ్చేశాక మళ్ళీ ఇంకొకరికి ఇవ్వడానికి చేతిలో ఏమీ మిగల్లేదు, కాబట్టి ముందుది నిలుస్తుంది.

కానీ "ముందు" అంటే ఏ తేదీ? జనం రిజిస్ట్రేషన్ తేదీ అనుకుంటారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 47 అలా అనదు, దస్తావేజు రిజిస్టర్ అయ్యాక అది రాసిన రోజు నుంచే పనిచేస్తుంది అంటుంది. రాసి సంతకాలయ్యాక రిజిస్ట్రేషన్‌కి సమర్పించడానికి మామూలుగా నాలుగు నెలలు గడువు. ఇప్పుడు చూడండి, ఓనర్ మార్చి 1న ఒకరికి సేల్ డీడ్ రాసి సంతకం పెట్టి డబ్బు పుచ్చుకున్నాడు, ఆ కొన్నవాడు ఏదో పనిలో పడి జూన్ 20న రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. ఈలోపు ఏప్రిల్ 10న ఓనర్ ఇంకొకరికి డీడ్ రాసి ఆరోజే రిజిస్ట్రేషన్ చేసేశాడు. రెండో ఆయన ఏప్రిల్ 9న ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకున్నాడు, క్లీన్‌గా ఉంది, పాపం ఆయన చెయ్యాల్సిందంతా చేశాడు. అయినా మామూలుగా గెలిచేది మార్చి 1 ఆయనే. రెండో ఆయనకి మిగిలేది అమ్మినవాడి మీద డబ్బు కోసం, మోసం కోసం కేసులు.

మొదటాయనకి సేల్ డీడ్ కాకుండా ఉత్త అగ్రిమెంట్ మాత్రమే ఉంటే కథ మారిపోతుంది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 19 ప్రకారం, డబ్బిచ్చి, మంచి మనసుతో, ఆ పాత అగ్రిమెంట్ సంగతి తెలియకుండా కొన్నవాడి మీద ఆ అగ్రిమెంట్‌ని అమలు చేయించలేరు. ఇక్కడ "తెలియకుండా" అన్న మాటే కేసు మొత్తం. స్థలంలో ఎవరైనా నిజంగా పొజిషన్‌లో ఉంటే, వాళ్ళ హక్కేంటో కొనేవాడికి తెలిసినట్టే లెక్క అని ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. షెడ్డు వేసుకుని మనిషి కాపురం ఉంటే, నేను కాగితాలే చూశాను స్థలం చూడలేదు అన్న మాట కోర్టులో నిలవదు. ఇక దావా నడుస్తున్న స్థలం కొంటే సెక్షన్ 52 ఉంది, దావాలో ఏం తేలితే అది కొన్నవాడికీ వర్తిస్తుంది, తెలిసి కొన్నా తెలియక కొన్నా.

దీనికి మూలకారణం, మన దగ్గర రిజిస్టర్ అయ్యేది దస్తావేజు, హక్కు కాదు. హక్కుకే ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చే పద్ధతి పెడదామని ఆంధ్రప్రదేశ్‌లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబర్ చివర్లో అమల్లోకి వచ్చింది, 2024లో రద్దయింది. డబుల్ రిజిస్ట్రేషన్ బాధ పోవాలంటే అలాంటిదే కావాలని కొందరు, తగాదా తేల్చే పని సివిల్ కోర్టుల చేతిలోంచి అధికారుల చేతిలోకి పోతుందని, రికార్డులో తప్పు పడితే రైతు బతుకు తలకిందులవుతుందని ఇంకొందరు. రద్దుతో వాదన ఆగిందిగానీ పైన చెప్పిన ఏప్రిల్ 10 ఆయన సమస్య అలాగే ఉంది.

భూసేకరణలో మాత్రం ఏర్పాటు కాస్త నయం. పరిహారం ఎంతో తేలింది, కానీ అన్నదమ్ముల మధ్యో, పాస్‌బుక్ ఉన్నవాడికీ సాగులో ఉన్నవాడికీ మధ్యో తగాదా ఉంది అంటే, 2013 చట్టం సెక్షన్ 76 కింద కలెక్టర్ ఆ వాటాల తగాదాని ఆ చట్టం కింద పెట్టిన అథారిటీకి పంపొచ్చు, సొమ్ము అక్కడే డిపాజిట్ చేస్తారు. భూమి పని ఆగదు, డబ్బు మీద తగాదా పక్కన నడుస్తుంది.

అందరివీ నిజమైన బాకీలే, డబ్బే చాలదు

కొన్నిసార్లు ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. అప్పు తీర్చలేనివాడి ఆస్తి వేలం వేస్తే కోర్టుకి 6 లక్షలొచ్చాయి. ఒకరికి 6 లక్షల డిక్రీ, ఇంకొకరికి 12 లక్షల డిక్రీ, ఇద్దరూ తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్ళే, ఇద్దరి ఈపీలూ (డిక్రీ అమలు చెయ్యమనే దరఖాస్తులు) డబ్బు రాకముందే కోర్టులో ఉన్నాయి. సీపీసీ సెక్షన్ 73 ప్రకారం దామాషాలో పంచుతారు. మొత్తం డిక్రీలు 18 లక్షలు, ఉన్నది 6, అంటే మూడో వంతు, మొదటివాడికి 2 లక్షలు, రెండోవాడికి 4. మూడో ఆయన కూడా ఉన్నాడు, ఆయనకీ 6 లక్షల డిక్రీ ఉంది, కానీ డబ్బు కోర్టుకి చేరాక వచ్చి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆయనకి ఈ 6 లక్షల్లోంచి ఏమీ రాదు. వారం తేడాతో పోయిందనుకోండి, బాధగానే ఉంటుంది, కానీ ఎక్కడో ఒక గీత గియ్యకపోతే పంపకం ఎప్పటికీ పూర్తికాదు. తాకట్టు పెట్టుకున్న అప్పులవాళ్ళుంటే లెక్క వేరు, ఆ ఆస్తి మీద ముందు వాళ్ళే. కంపెనీ దివాలాలో అయితే ఈ వరుస మొత్తం 2016 దివాలా కోడ్ సెక్షన్ 53లో రాసి పెట్టారు, అందులో ముందు ప్రక్రియ ఖర్చులు, ఆ వెంటనే కార్మికులకి రావాల్సిన 24 నెలల బకాయిలు, తాకట్టు వదులుకున్న అప్పులవాళ్ళు పక్కపక్కనే ఒకే మెట్టు మీద ఉంటారు.

రాజీ పడితే

చాలావరకు ఇలాంటివి చివరికి రాజీలోనే తేలతాయి. లోక్ అదాలత్‌లో అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, అక్కడిచ్చిన అవార్డు మీద అప్పీలు ఉండదు.

మొదట్లో చెప్పిన కుటుంబమే అలా కూర్చుందనుకోండి. తమ్ముడు డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, తల్లి తన 3 లక్షలు మనవరాలి చదువుకి వదిలేస్తానంది. ఆవిడ పెద్దమనిషి, ఆవిడ వాటా ఆవిడిష్టం. తమ్ముడు, అన్న వైద్యానికి తను పెట్టిన 2 లక్షలు తీసుకుని మిగతాది ఇస్తానన్నాడు, వదిన సరేనంది, కాగితం రాసుకున్నారు. కానీ ఆ 2 లక్షలు పిల్లల వాటాల్లోంచి కూడా తగ్గుతాయి, పిల్లలకి తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు. వాళ్ళు దావాలో పార్టీలుగా ఉంటే వాళ్ళ తరఫున వాళ్ళమ్మ సంతకం ఒక్కటే చాలదు, సీపీసీ ఆర్డర్ 32 రూల్ 7 ప్రకారం ఆ రాజీ పిల్లలకి మేలేనని చూసి కోర్టు అనుమతివ్వాలి. ఆ అనుమతి లేకుండా చేసుకున్న రాజీ ఆ పిల్లలకి తప్ప మిగతా అందరికీ కట్టుబాటే. పెద్దయ్యాక ఆ పిల్లలు ఇది మాకొద్దు అంటే, ఆ కాగితం మళ్ళీ మొదటికొస్తుంది.